పిప్పి తాగిన డీజిల్

లాజరుకు కోపం వస్తే మాట పడిపోతుంది, మెడ మీద నరం మాత్రం లేస్తుంది. బోధన్‌లో బెల్లం వ్యాపారి రామ్‌దాస్ సేటు దగ్గర పద్నాలుగేళ్లుగా పాత డీజిల్ కారు నడుపుతున్న మనిషి. తొంభై మూడు వానకాలంలో, బెల్లం తూచే కాంటా దగ్గర బండ్లవాళ్లంతా వింటుండగా, సేటు అతన్ని డీజిల్ దొంగ అన్నాడు.

సేటుదీ పూర్తిగా తప్పని అనలేను. వారానికి పది లీటర్లు తరుగు పోతోంది. నిజామాబాద్ మెకానిక్ ఇంజనంతా చూసి ఎక్కడా కారడం లేదని తేల్చాడు. కారు పెట్టే షెడ్డు నేల మీద ఒక్క మరక లేదు.

"సోమవారం దాకా సూస్త. డీజిల్ ఎటు పోయిందో చెప్పు, లేకుంటె తాళంచెవి ఇచ్చి పో," అన్నాడు సేటు. అక్కడితో ఆగితే బాగుండేది. మరునాడు అంగడిలో లాజరు భార్య శారమ్మను పట్టుకుని, "దొంగ పైసలతోని కూరగాయలు బాగనే కొంటున్నవ్" అన్నాడు. నాకైతే ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా చెరకు ఊళ్లలో బురద కనిపిస్తే చాలు, పిప్పి పరుస్తాం. లాజరూ అంతే. వానకు షెడ్డు చిత్తడి కాకుండా కారు కింద జానెడు మందాన పిప్పి వేసేవాడు. శనివారం కొత్తది పరిస్తే, పాతది శారమ్మ సంచికెత్తి పొయ్యిలోకి మోసుకుపోయేది.

ఆ శనివారం ఆమె పొయ్యి ముట్టించి, కేక పెట్టింది.

"ఇగో, ఇటు రా! వారం సంది వాన, పిప్పంతా పచ్చిగుంది. ఒక్క అగ్గిపుల్లకే భగ్గుమన్నదేంది? గీ నల్ల పొగ సూడు!"

లాజరు సంచిలోంచి పిడికెడు తీసి పిండాడు, వాసన చూశాడు. తన చేతులతో తాను పరిచిన పిప్పే చుక్క చుక్కా తాగేసింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు.

కారుతోందని తెలిసింది, ఎక్కడో తెలియాలి. ఆదివారం పొద్దున, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చర్చి మానేసి కారు కిందికి దూరాడు. ట్యాంకు నుంచి ఇంజన్‌కు పోయే సన్న పైపు మీద ఏళ్లనాటి మట్టి గట్టిపడి ఉంది. గీకి, కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, పొడవునా సుద్దపొడి పూసి, వెల్లకిలా పడుకుని చూస్తూ ఉన్నాడు. అతుకులన్నీ తెల్లగానే ఉన్నాయి. పైపును పట్టి ఉంచే ఇనుప క్లిప్పు దగ్గర మాత్రం పొడి నెమ్మదిగా నల్లబడింది. క్లిప్పు విప్పితే, రాపిడికి పైపు అరిగి సూది మొనంత బెజ్జం.

సేటును పిలుచుకొచ్చాడు. సేటు తెల్ల ధోతితోనే మోకాళ్ల మీద వంగి ఆ బెజ్జాన్ని చూశాడు.

"తప్పైంది లాజరూ."

"నాకొక్కనికి చెప్తె ఎట్ల సేటూ? ఆ దినం విన్నోళ్లకు చెప్పుండ్రి."

ఈసారి మాట పడిపోలేదు! సోమవారం కాంటా దగ్గర, అవే బండ్లవాళ్ల ముందు, సేటు గట్టిగా చెప్పాడు. తర్వాత కారెక్కి కూర్చుంటే లాజరు ఆఫీసుకు పోనివ్వలేదు, నేరుగా తన ఇంటి ముందు ఆపాడు.

సేటు దిగి, గడప బయటే నిలబడ్డాడు.

"శారమ్మా, నీ మొగడు దొంగ కాదమ్మా."

శారమ్మ చేతిలో చీపురు కింద పెట్టలేదు.

"గది నాకు పెండ్లైన నాటి సంది ఎరికే, సేటూ. మీకు పద్నాలుగేండ్లు పట్టింది."