లేని బిడ్డకు పరామర్శలు

నాకు గర్భం పోయిందని న్యూజెర్సీలో ఒక తెలుగు సంఘమంతా వారాల తరబడి కన్నీళ్ళు పెట్టుకుంది. నాకు అసలు గర్భమే రాలేదు. ఆ సంగతి సంఘంలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకదాన్ని నేను, రెండోవాడు అప్పట్లో నాకు భర్తగా ఉన్న మనిషి. ఇన్నేళ్ళ తర్వాత దీన్ని కక్ష తీర్చుకోవడానికి రాయడం లేదు. సరే, అబద్ధమెందుకు, కొంచెం కక్షే.

డెబ్భైల చివర్లో నర్సు వీసా మీద ఒక్కదాన్నే అమెరికా వచ్చాను. గుంటూరు వైపు మిషను ఆసుపత్రిలో చదువుకున్నదాన్ని. ఇక్కడి పరీక్ష పాసై, ఎడిసన్‌కి దగ్గరలో ఒక ఆసుపత్రిలో చేరాను. మా వార్డులో ఎక్కువమంది షుగరు రోగులు. పొద్దున్నే గాజు గొట్టంలో వాళ్ళ మూత్రం చుక్కలు, నీళ్ళ చుక్కలు వేసి బిళ్ళ పడేస్తే బుసబుసా పొంగేది. రంగు నీలంగా ఉంటే బతికాం, ఇటుక రంగుకు తిరిగిందంటే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఇన్సులిన్ ఇవ్వడం, కాలివేళ్ళ మధ్య పుండ్లున్నాయేమో చూడటం, ఇంటికి వెళ్ళేవాళ్ళకు నారింజపండు మీద ఇంజెక్షన్ నేర్పించడం నా పని. అందులో నాకు మంచి పేరే ఉండేది.

ఏడాది తర్వాత నా భర్త వచ్చాడు. నా వీసా మీద వచ్చాడని ఎవరో వెనకాల అన్నారట, దాన్ని అతను చచ్చేదాకా మర్చిపోడు. ఉద్యోగం దొరికింది, కారు కొన్నాడు, ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో కలిసే తెలుగు సంఘంలో పెద్దమనిషయ్యాడు. మాకు లేనిదల్లా పిల్లలు. ఆరాధన అయ్యాక టీ తాగుతూ ఆడవాళ్ళు నా మొహం కాదు, నా పొట్ట చూసి పలకరించేవాళ్ళు.

ఎనభైల మొదట్లో ఒక చలికాలం నాకు ఒంట్లో బాగుండటం మానేసింది. మంచం దిగితే కళ్ళు తిరిగేవి. పొద్దున వాంతులు. అన్నం సయించేది కాదు, కానీ మా అమ్మ పంపిన ఆవకాయ జాడీ మీద మాత్రం దయ్యం పట్టినట్టు పడేదాన్ని. ముక్క కూడా అక్కర్లేదు, ఆ ఉప్పటి ఊట స్పూనుతో తాగేదాన్ని. నెల తప్పింది. తర్వాతి నెలా తప్పింది. ఇంకేం కావాలి!

మా పాస్టరుగారి భార్య, పాస్టరమ్మగారు, మొదట పట్టుకున్నారు. ఆమె గోదావరి మనిషి, నోరు తీపి, చెయ్యి బరువు. నా గడ్డం పట్టుకొని మొహం వెలుగులోకి తిప్పి చూశారు.

“ఏమ్మా, నీళ్ళోసుకున్నావా? నల్లబడిపోయావేంటి ఇలా?”

“తెలీదమ్మగారూ. టెస్ట్ చేయించాను, నెగెటివ్ వచ్చింది.”

“మిషన్లకేం తెలుసే పిచ్చిదానా! నలుసు ఇంకా చిన్నది. కడుపులో మగపిల్లాడుంటే తల్లి కళ తగ్గుద్ది. నా ముగ్గురికీ నేను బొగ్గైపోయాను, అడుగు మా అయ్యగార్ని.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఒప్పుకుంటే తప్పేముంది, ఆ మాట నాకు తేనెలా తగిలింది. ఆ రోజు నుంచి నాకు సంఘంలో కుర్చీ ఖాళీ చేసి ఇచ్చేవాళ్ళు. ఒకావిడ గోంగూర పచ్చడి పట్టుకొచ్చింది, ఇంకొకావిడ పులిహోర. “ఉప్పూ పులుపూ కోరుతోందంటే మగబిడ్డే” అని తీర్మానం చేసేశారు. బరువు తగ్గుతున్నానంటే మొదట్లో అంతే అన్నారు. నిలబడలేకపోతున్నానంటే గారాలు పోతున్నానన్నారు. మా అమ్మ ఒక సామెత చెప్పేది, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని. అక్కడ ఆలు ఉంది, మిగతాదంతా అచ్చం సామెతే.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ డాక్టరుకు చూపించుకుంటే, దేశం మారారు, పని ఒత్తిడి, నెలసరి ఆలస్యమవుతుంది, వచ్చే నెల రమ్మన్నాడు. నా రంగు గురించి ఒక్క మాట అడగలేదు. ఇండియా మనిషి, గోధుమరంగు మనిషి, ఇంతకంటే ఏముంటుంది అనుకున్నాడు. తెల్లవాడికి నా నలుపు కనబడలేదు, మనవాళ్ళకు కనబడి కొడుకైంది. ఈ రెంటి మధ్యా నేను కరిగిపోతున్నాను.

ఒక ఆదివారం, దేవుడు చేసిన మేళ్ళు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో అతను లేచి నిలబడ్డాడు. నన్నడగలేదు. “దేవుడు మా ఇంటిని జ్ఞాపకం చేసుకున్నాడు, గర్భఫలం ఇచ్చాడు” అని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కృతజ్ఞత కానుక కూడా వేశాడు. కారులో తిరిగి వస్తూ, “ఇంకా ఖాయం కాలేదుగా, ఎందుకు చెప్పారు?” అని అడిగితే, “విశ్వాసం ఉండాలి” అన్నాడు. ఆ రోజు అతని మొహంలో ఉన్న సంతోషం చూసి నేను నోరు మూసుకున్నాను.

ఫ్లూ జ్వరం వచ్చింది. అయినా డ్యూటీకి వెళ్ళాను. ఒక ముసలాయనకు ఇన్సులిన్ సిరంజిలోకి తీస్తూ తీస్తూ మందుల బండి పక్కనే పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి నా వార్డులోనే నేను రోగిని. మా హెడ్ నర్సు నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తోంది. ఆమె జార్జియా నుంచి వచ్చిన నల్లజాతి పెద్దావిడ, కోపిష్టి. స్టెతస్కోపులో ఏమీ వినిపించడం లేదని ఆమె అరవడం నాకు ఎక్కడో దూరంగా వినిపించింది.

రక్తంలో ఉప్పు అడుగంటింది, పొటాషియం పైకెక్కింది. ఆ రిపోర్టు పట్టుకొని ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. నా పెదవి లాగి చిగుళ్ళు చూశాడు, నల్లటి మచ్చలు. అరచేతులు విప్పి చూశాడు, రేఖలన్నీ మసి పూసినట్టు. నా యూనిఫాంకి ఉన్న గుర్తింపు కార్డు తీసి, అందులోని ఫోటోను నా చెంప పక్కన పెట్టాడు. “ఇది మీరేనా?” అన్నాడు. నేనే. చేరిన కొత్తలో తీసిన ఫోటో.

మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే గ్రంథులు రెండున్నాయి. నా ఒళ్ళే నా గ్రంథుల్ని శత్రువులనుకొని తినేసిందట. వాటి హార్మోన్లు లేకపోతే ఒంట్లో ఉప్పు నిలవదు, నీళ్ళు నిలవవు, రక్తపోటు నిలవదు. చిన్న జ్వరం వచ్చినా తట్టుకోలేక మనిషి కుప్పకూలుతుంది. పని చేయండ్రా అని మెదడు ఆ చచ్చిన గ్రంథుల మీద కేకలేస్తుంది. ఆ కేకలుగా వెళ్ళే హార్మోనే చర్మాన్ని నల్లగా మారుస్తుంది. అదీ నా మగబిడ్డ!

“బిడ్డ?” అని అడిగాను.

“గర్భం లేదు. ఎప్పుడూ లేదు” అన్నాడు డాక్టరు. తర్వాత మంచివాడిలా, మందు సరిగా వేసుకుంటే మున్ముందు పిల్లల్ని కనవచ్చని కూడా చెప్పాడు. నేను ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయి గుక్కపట్టి ఏడ్చాను. హెడ్ నర్సు నా సెలైను సరిచేస్తూ, “ముందు బతికావు. దానికి ఏడు కావాలంటే” అంది. మందు నరంలోకి వెళ్ళిన మర్నాటికి నాకు ఆకలి వేసింది. ఎన్ని నెలలకో!

రోజూ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసేవాళ్ళు. బరువు తూచేవాళ్ళు. తాగిన నీళ్ళు, పోసిన నీళ్ళు కొలిచేవాళ్ళు. ఇవన్నీ నేను ఇంకొకరికి చేసినవే. ఇంటికి పంపేముందు హెడ్ నర్సు అతన్ని పిలిచి కూర్చోబెట్టింది. పొద్దునా మధ్యాహ్నం బిళ్ళలు, జీవితాంతం. జ్వరమొస్తే మోతాదు పెంచాలి. వాంతులై బిళ్ళ కడుపులో నిలవకపోతే ఇంజెక్షన్ ఇచ్చి అంబులెన్సు పిలవాలి. నారింజపండు చేతిలో పెట్టింది. అతను చక్కగా నేర్చుకున్నాడు. ఆమె అంతటితో వదల్లేదు.

“బిళ్ళలు ఆపితే ఏమవుతుంది? నీ నోటితో చెప్పు.”

“షి విల్ డై” అన్నాడు అతను.

“గుడ్” అంది ఆమె. నేను మంచం మీద కూర్చొని విన్నాను.

ఇంటికి వచ్చిన సాయంత్రమే, నేను పడుకున్నాననుకొని అతను హాల్లో ఫోన్ మాట్లాడుతున్నాడు. “అవునండి అమ్మగారూ... పోయిందండి... మూడో నెల్లో... ఏం చేస్తాం, దేవుని చిత్తం.” నేను గోడ పట్టుకొని హాల్లోకి వెళ్ళాను.

“లేని బిడ్డ పోయిందని ఎలా చెప్తారండీ?”

“మరేం చెప్పమంటావ్? అందరి ముందూ సాక్ష్యం చెప్పాను. అసలు లేదంటే నవ్వుతారు. పోయిందంటే ప్రేయర్ చేస్తారు.”

“నేను చావబోయాను. అది చెప్పండి.”

“అదెవరికి అర్థమవుద్ది? ఆ డిసీజ్ పేరు నాకే నోరు తిరగట్లేదు.”

పరామర్శలు మొదలయ్యాయి. తెల్లారితే ఎవరో ఒకరు గిన్నె పట్టుకొని దిగేవాళ్ళు. నా తల నిమిరేవాళ్ళు, ముక్కు చీదేవాళ్ళు. మగపిల్లాడేనా, డాక్టరు ఏమైనా చెప్పాడా అని మెల్లగా అడిగేవాళ్ళు. ఏం చెప్పను నా మొహం! మొదటిసారి, “గర్భం కాదండీ, నాకు జబ్బు” అన్నాను. ఆవిడ అతని వైపు చూసింది. అతను కళ్ళతోనే ఏదో చెప్పాడు. “పాపం, షాక్‌లో ఉంది” అని ఆవిడ నా చెయ్యి నొక్కింది. అప్పటి నుంచి నేనేమన్నా షాకే.

పైగా పథ్యం. కడుపు పోయినవాళ్ళు ఉప్పూ పులుపూ తినకూడదట. చప్పిడి బీరకాయ, కాచిన నెయ్యి, వెల్లుల్లి. నా ఆవకాయ జాడీని పాస్టరమ్మగారు ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీసుకుపోయారు. “వేడి చేసే నీకిలా అయింది” అన్నారు. ఉప్పు నిలవని ఒంటికి ఉప్పు మాన్పించే ప్రేమ నాకు ఏ జన్మకూ వద్దు. వాళ్ళు గడప దాటగానే డబ్బాలోని ఉప్పు చిటికెడు నోట్లో వేసుకునేదాన్ని, నా ఇంట్లో నేనే దొంగలా.

వాళ్ళు చెడ్డవాళ్ళని అనను. మా ఇంటి ముందు మంచు తవ్వింది వాళ్ళే. కానీ ఒక్కరూ నా జబ్బేమిటని అడగలేదు. లేని బిడ్డ కోసం అంతమంది ఏడ్చారు, ఉన్న నా కోసం ఒక్కరూ ఏడవలేదు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

ఒక శుక్రవారం మా ఇంట్లో కాటేజ్ ప్రార్థన పెట్టుకున్నారు. దేవుడు మళ్ళీ గర్భఫలం ఇవ్వాలని. హాలంతా దుప్పట్లు పరిచాం. పాటలు అయ్యాక పాస్టరమ్మగారు నీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి, కిటికీలో ఉన్న నా మందు సీసా పట్టుకొని వచ్చారు.

“ఇవేంటయ్యా?”

“స్టెరాయిడ్స్ అండి” అన్నాడు అతను.

“అమ్మో, స్టెరాయిడ్సే! ఇవి మింగితే ఇంక కడుపేం నిలుస్తుంది? మానేయమ్మా. ముందు ఇవి మానేస్తే ఆయనే చూసుకుంటాడు.”

సీసా ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

“అమ్మగారూ, అవి మానితే నేను చచ్చిపోతాను. కడుపుకీ వాటికీ సంబంధం లేదు. నేను నర్సుని, నా మాట వినండి.”

“అవిశ్వాసపు మాటలు మాట్లాడొద్దు తల్లీ” అని ఆమె అతని వైపు తిరిగారు. “ఏమయ్యా, డాక్టరు అలా అన్నాడా? మానితే చచ్చిపోద్దన్నాడా?”

గదిలో అందరూ అతన్నే చూశారు. నేనూ చూశాను. ఒక్క మాట చాలు. అవునండి అంటే చాలు. బిడ్డ అబద్ధాన్ని క్షమించి ఉండేదాన్ని, మిగతా బతుకంతా అతని బట్టలు ఉతుక్కుంటూ బతికి ఉండేదాన్ని.

అతను దుప్పటి అంచు సరిచేశాడు. “డాక్టర్లు అన్నీ పెద్దవి చేసి చెప్తారు కదండీ” అన్నాడు.

“అదీ సంగతి” అని ఆమె నా తల మీద చెయ్యి పెట్టారు. అందరూ మోకరించారు. ఈ బిడ్డను ఆ మాత్రల బంధకాల నుంచి విడిపించు ప్రభువా, రేపటి నుంచి ఒక్కటి కూడా మింగకుండా నీ మీదే ఆనుకొనే విశ్వాసం ఇవ్వు ప్రభువా అని గొంతెత్తి ప్రార్థించారు. నేను కళ్ళు మూసుకోలేదు. నా పక్కన అతను కళ్ళు గట్టిగా మూసుకొని, చేతులు జోడించి, అందరికంటే ముందు “ఆమెన్” అన్నాడు. తెలిసే అన్నాడు.