తాడు చప్పుడు

మంచు పడిన ప్రతి ఉదయం ఆర్వో కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి, ఇళ్ల ముందు పేరుకున్న మంచును చిమ్మే మిషన్లు స్టార్ట్ చేయడానికి తాళ్లు లాగేవాళ్లను వింటాడు. గనిలో ఇంజన్ల మధ్య ముసలైన చెవులవి. ఎవరు చోక్ మరిచారో, ఎవరు పెట్రోలు ఎక్కువ పారించారో చప్పుడును బట్టే చెప్పేస్తాడు, తనలో తనే. బతిమాలితే తప్ప గుమ్మం దిగడు. ఎదురింటి మార్లిస్ ఇవాళే మొదటిసారి తాడు పట్టింది. ఆమె మొగుడు డ్వేన్ అక్టోబరులో పోయాడు. ఏటా మంచు కరగ్గానే పెట్రోలు ట్యాపు కట్టేసి మిషన్ను మూలన పెట్టడం డ్వేన్ అలవాటు. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆర్వోకు తెలుసు. ఆమె అరచేతులు బొబ్బలెక్కేదాకా చూస్తూ నిలబడ్డాడు.

చివరికి ఆమే వచ్చి తలుపు కొట్టింది. "ఆర్వో గారూ, కాస్త చూడరూ? కారు బయటికి తీయాలి. ఇంకోసారి ఆలస్యమైతే ఆసుపత్రిలో ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారు."

"మొగుడు పోయాడు సరే, పోతూ పోతూ నీ చేతులు కూడా పట్టుకుపోయాడా?" అంటూ బూట్లు తొడుక్కున్నాడు. ఆమెకు కనబడకుండా వీపు అడ్డంపెట్టి ట్యాపు తిప్పాడు. ఒక్క లాగుకే మిషన్ గర్జించింది.

మార్లిస్ కళ్లు తుడుచుకుంది. "ఉండండి, ఏలకుల రొట్టె తెస్తాను," అంటూ లోపలికి పరుగెత్తింది. ఆర్వో వంగి ట్యాపు మళ్లీ కట్టేశాడు.

ఇంటికొచ్చి రొట్టెను కాఫీలో ముంచుకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాడు. లోపల మిగిలిన కాస్త పెట్రోలూ అయిపోగానే మిషన్ దగ్గి ఆగింది. మార్లిస్ మళ్లీ తాడు అందుకుంది. ఆర్వో బూట్లు విప్పనేలేదు.