చచ్చిపోయిన సుబ్బులుతో పొదిలి దాకా

నల్లపాడులో పొద్దున్నే రైలెక్కేటప్పటికే నాకు ఒళ్ళు మండుతోంది. వెళ్ళేది పొదిలిలో ఒక నవల పరిచయ సభకి. ఆ నవలలో చచ్చిపోయిన మనిషి నా పక్కనే కిటికీ దగ్గర కూర్చుని పులిహోర పొట్లం విప్పుతోంది.

పేరు మేకల సుబ్బులు. మా వీధిలోనే ఉంటుంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న అడ్వాన్సు తీసుకుని, పొదిలి దగ్గర ఒక ఆసామి విత్తనాల పత్తి చేలో పూలకు పూలు రుద్దే పనికి పెట్టాడు. రాత్రిళ్ళు ఆడపిల్లలందరినీ రేకుల షెడ్డులోకి తోలి, ఊచల తలుపుకి తాళం వేసేవాళ్ళు. ఒకనాడు సుబ్బులు ఆ తాళం పగలగొట్టి అందరినీ బయటికి తెచ్చింది.

ఈ సంగతి అడిగి చెప్పించుకుని ఒక రచయితగారు వెట్టిచాకిరీ మీద నవల రాశారు. ఇంటిపేరుతో సహా ఆమె పేరే పెట్టారు. తక్కినదంతా మార్చారు. సుబ్బులుని ఎర్రగా, సన్నగా పుట్టించారు. ఆసామి కొడుకు చిన్నబాబు మీద మనసుపడేలా చేశారు. తాళం ఆ చిన్నబాబు చేతే తీయించారు. చివర్న పాముచేత కరిపించి, అతని ఒళ్ళో తల పెట్టించి చంపేశారు.

నేనూ కోతలు కోసేదాన్నే. మా చేలో మిరపకాయ తుంచితే నరసరావుపేటలో తుమ్ముతారని పదిమందిని నమ్మించినదాన్ని. కానీ నా కోతల వల్ల ఎవరి కాపురంలోనూ చిచ్చు రాలేదు. ఈ పుస్తకం ఒంగోలు చుట్టాలు చదివి సుబ్బులు అత్తగారికి చేరవేశారు. "అచ్చేశారంటే ఊరికే వేస్తారా? ఎవడే ఆ చిన్నబాబు?" అంటూ ఆ ముసలావిడ నెల నుంచి కోడలి చేతి ముద్ద ముట్టడం లేదు. సభలో శాలువా కప్పుతామని సుబ్బులుని పిలిచారు. ఆ ప్రేమ వ్యవహారం కట్టుకథని రచయిత అక్కడే మైకులో చెప్పాలి. మా ప్రయాణం అందుకే.

వినుకొండ దాటాక ఎదురు సీటు పెద్దాయన "ఎందాకమ్మా?" అని పలకరించాడు.

"పొదిలి. ఈవిడని ఎండుమిరపకాయలతో తూచి సన్మానం చేస్తున్నారు" అన్నాను.

ఆయన సుబ్బులుని ఎగాదిగా చూశాడు. "ఈమెకా?"

మిరపకాయల తూకం నమ్మాడు. మనిషినే నమ్మలేకపోయాడు.

మార్కాపురం రోడ్డులో దిగి, షేరు ఆటోలో బస్టాండుకి వెళ్ళాం. ఇటు వచ్చే ఆడవాళ్ళు ఆధార్ కార్డు మరచిపోకండి. పల్లెవెలుగులో సున్నా టికెట్టు కొడతారు. మంచినీళ్ళు స్టేషన్లోనే పట్టుకోండి. దారంతా ఎండ, కంది చేలు, పొగాకు కాల్చే బ్యారన్లు.

బస్సు కిటకిటలాడుతోంది. ఒక్క సీటు మీద మాత్రం హ్యాండ్‌బ్యాగు కూర్చుని ఉంది. దాని పక్కన ఒక టీచరమ్మ అదే నవల చదువుతూ కళ్ళొత్తుకుంటోంది.

"సుబ్బులు ఎలా ఉందండీ?" అన్నాను.

"పోయిందండీ పాపం. నిన్నట్నుంచీ అన్నం సయించట్లేదు నాకు."

"పోలేదు. ఇదిగో, మీ పక్కనే నిలబడింది."

ఆమె తలెత్తి చూసింది. మొహం ముడుచుకుంది. "ఎగతాళా మీకు? ఆ అమ్మాయి మల్లెమొగ్గలా ఉంటుంది" అంది. బ్యాగు కదల్లేదు. పుస్తకంలో సుబ్బులు కోసం ఏడుస్తూనే ఉంది. పక్కనున్న సుబ్బులు పొదిలి దాకా కమ్మీ పట్టుకుని నిలబడింది.

సభ కళ్యాణమండపంలో. గుమ్మంలోనే నిర్వాహకుడు సుబ్బులు కట్టుకున్న చీరాల చీర చూసి నొచ్చుకున్నాడు. "ఇంత మంచి చీర కట్టుకొచ్చారేంటమ్మా? ఫోటోలో కష్టం కనపడొద్దూ?"

నా చెప్పు నా కాలికే ఉండడం ఆయన అదృష్టం.

రచయితగారు నవ్వుతూ ఎదురొచ్చారు. సుబ్బులు చెప్పాల్సింది చెప్పింది.

"మంచికే రాశానమ్మా" అన్నారాయన. "జనం ఏడిస్తేనే కదా మారేది."

"ఏడిపించడానికి మీ చెల్లెలి పేరు పెట్టుకోవాల్సింది సారూ" అంది సుబ్బులు.

ఆయన నవ్వు ఆగింది. "ఇప్పుడు మైకులో చెబితే రసభంగమవుతుంది. మలి ముద్రణలో చూద్దాం."

శాలువా కప్పడానికి పిలిచినప్పుడు సుబ్బులు నేరుగా మైకు దగ్గరికి నడిచింది. "నేనే మేకల సుబ్బుల్ని. చావలేదు. నాకు ఏ చిన్నబాబూ తెలవదు. ఆ రేత్రి ఆసామి కొడుకు మేడ మీద గుర్రుపెట్టి నిద్రపోతన్నాడు. తాళం పగలగొట్టింది నేను!"

మైకు కట్టేశారు. చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కేకేసిన గొంతుకి మైకెందుకు? మొదట్నుంచీ మళ్ళీ చెప్పింది. హాలంతా చప్పట్లు మోగాయి. నా పక్కావిడ "ఎంత బాగా నటించిందో!" అంది.

"నటన కాదమ్మా, ఆవిడ బతుకు!" అని అరిచాను. నాక్కూడా నలుగురు చప్పట్లు కొట్టారు.

మొత్తం ఫోన్లో పట్టాను. బస్సెక్కగానే మా వీధి వాట్సాప్ గ్రూపులో పడేశాను.

సాయంత్రం రైలు ఆలస్యంగా వచ్చింది. నా కోపం మాత్రం తగ్గలేదు. విడుదల గురించి పుస్తకం రాస్తూ కూడా తాళంచెవి ఆసామి ఇంట్లోనే ఉంచుకున్నారు. నల్లటి కూలిపిల్ల తనంతట తాను బయటపడితే వీళ్ళకి కథ కాదు. అది తెల్లబడాలి, ప్రేమించాలి, దణ్ణం పెట్టాలి, చచ్చిపోవాలి. అప్పుడే దాని మీద జాలి.

దొనకొండ దగ్గర సుబ్బులు ఫోను మోగింది. అత్తగారు. సుబ్బులు స్పీకరు నొక్కింది.

"ఏమే, నలుగురిలో అంత గొంతేసుకుని అరవాలా?"

సుబ్బులు ఫోను నా వైపు జరిపింది.

"సరేగానీ, తాళం దేంతో పగలగొట్టావే?"

ఈ మాట రచయిత అడగలేదు. నిజం చెప్పాలంటే, నేనూ అడగలేదు.

"రోటి పొత్రంతో అత్తా. అందరికీ పచ్చడి నూరేది నేనేగా. పొత్రం పట్టు తెలుసు."

"చెయ్యి నలగలేదా?"

"నలిగింది. ఎడం చేతి చిటికెన వేలు."

ముసలావిడ గొంతు బాగా తగ్గింది.

"ఆ వంకర పుట్టుకతో వచ్చిందనుకున్నానే, ఇన్నేళ్ళూ."