బిజిలీ ఒంటికి పూసిన నీలగిరి తైలం

బియ్యం బస్తాల మీద గంతులేసే మా పిల్లి బిజిలీ ఆ మధ్యాహ్నం చదునైన నేల మీద నడుస్తూ నడుస్తూ పక్కకు పడిపోయింది. లేచి నాలుగడుగులు వేసి మళ్లీ తూలింది. మొదట నేను నవ్వాను కూడా, పొట్ట పగిలేలా ఎండుచేపలు మింగి ఉంటుందని. ఎత్తుకోబోతే మూతి నిండా చొంగ, ఒళ్లు చల్లగా తగిలింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ లాల్‌పేట్‌లో కిరాణా దుకాణం. అవతల తెలంగాణలో జిల్లాలను విడదీస్తున్న రోజులవి. దుకాణానికి ఎవరొచ్చినా తమ చుట్టాల ఊరు ఏ జిల్లాలో పడుతుందన్న ముచ్చటే. మాకు మాత్రం వానాకాలం వచ్చిందంటే బస్తాలకు పట్టే చీమలు, పురుగులే పెద్ద బెంగ. ఎలుకల కోసం తెచ్చిన బిజిలీ అప్పటికే మా అత్తమ్మకు మనవరాలైపోయింది. దాని నోట్లో పడుతుందని ఆవిడ ఎలుకల మందు పెట్టనిచ్చేది కాదు, ఫినాయిల్ కొట్టనిచ్చేది కాదు. ఏ ప్రమాదమూ లేనిదని చివరికి నీలగిరి తైలం ఎంచుకుంది. బస్తాల కింద పరిచే గోనెపట్టాల మీద సీసాలకు సీసాలు చిలకరించింది. బిజిలీ పడుకునేది కూడా ఆ పట్టాల మీదే.

"ఏమైందే బిడ్డా, గిట్ల వణుకుతున్నవ్? సర్ది అయినట్టున్నది" అంటూ అత్తమ్మ ఇంకో సీసా మూత తీసింది. పిల్లలకు జలుబు చేస్తే పూసినట్టే దాని మెడకు, రొమ్ముకు మర్దన చేసి శాలువా చుట్టింది. బిజిలీ మెడ వంచి ఆ నూనెను నాకడం మొదలుపెట్టింది. కాసేపటికి వాంతి చేసుకుంది. ఆ తర్వాత నాలుగు కాళ్లూ కొట్టుకోసాగాయి. మా ఆయన షట్టర్ దించేసి, "నడువుండ్రి, దవాఖానకు పోదాం" అన్నారు.

పశువుల డాక్టరమ్మ బిజిలీని తెచ్చిన బుట్ట మూత తీయగానే వాసనకు ముఖం పక్కకు తిప్పుకుంది. "తేల్ కుణీ లావలం?" అని మరాఠీలో అడిగింది, నూనె ఎవరు పూశారని.

"నేనే పూసిన. సర్దికి మంచిది గదా!" అత్తమ్మ కాస్త గొప్పగానే చెప్పింది.

"ఇది సర్ది కాదు, పాయిజనింగ్" అంది డాక్టరమ్మ మరాఠీలోనే. "ఈ నూనెను మన లివర్ విడగొట్టి బయటికి పంపుతుంది. పిల్లి లివర్‌కు ఆ శక్తి చాలా తక్కువ. చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది, నాకితే కడుపులోకీ పోతుంది."

విషం వద్దని ఇంతకాలం కాపలా కాసి, ఆ విషాన్నే దానికి పడకగా పరిచామా? తెలుగులో అత్తమ్మకు చెప్పాను. "పోరగాండ్లకు పూసేదే గదా, గిదెట్ల విషమైతది?" అని నన్నే ఎదురడిగింది. ఆవిడ చేతులింకా ఆ నూనె వాసనే వేస్తున్నాయి. వాటిని చూసుకుంటూ బల్ల మీద కూలబడింది.

దీనికి యాంటిడోట్ లేదట. గిన్నెలు తోమే లిక్విడ్ సోప్‌తో, గోరువెచ్చని నీళ్లతో నూనె వదిలేదాకా కడిగారు. ముందరి కాలికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించారు. బ్లడ్ టెస్ట్‌లో లివర్ ఎంజైమ్స్ బాగా పెరిగాయన్నారు. "బతుకుతుందా?" అని అడిగితే, "వెచ్చగా ఉంచుదాం, చూద్దాం" అన్నదే కానీ డాక్టరమ్మ అంతకుమించి మాటివ్వలేదు.

బతికింది. కోడి ఉడకబెట్టిన నీళ్లు తాగింది, మమ్మల్ని చూసి అరిచింది. సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాం. దించగానే అది తిన్నగా వెళ్లి తన గోనెపట్టా మీద ముడుచుకుంది. మాలో ఒక్కరికీ తట్టలేదు! మర్నాటికి మళ్లీ చొంగ, మళ్లీ వణుకు. మళ్లీ దవాఖాన, మళ్లీ సెలైన్. డాక్టరమ్మ నిజంగానే కోప్పడింది. "పిల్లిని కడిగారు సరే, అది పడుకునే చోటు కడగలేదా?" మొదటిసారి కన్నా ఈసారి నేను ఎక్కువ అదిరిపోయాను. తెలిసి కూడా ఇంత గుడ్డిగా ఉంటామా అనిపించింది. పట్టాలన్నీ పారేసి, దుకాణం నేలంతా సబ్బుతో కడిగాకే దాన్ని తిరిగి తెచ్చుకున్నాం.

ఇప్పుడు బిజిలీ బాగానే ఉంది. మునుపటంత ఉరుకు లేదు, ఎలుకలకు మాత్రం ఆ సంగతి ఇంకా తెలియదు. పిల్లి ఉన్న ఇళ్లవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నీలగిరి, లవంగ నూనెల్లాంటి ఘాటు తైలాలు దాని ఒంటికి గానీ పడకకు గానీ తగలనివ్వకండి. పొరపాటున అంటితే వెంటనే సబ్బుతో కడిగి, ఆ సీసాతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

దుకాణంలో మేం నీలగిరి తైలం ఇంకా అమ్ముతున్నాం. అయితే ఎవరడిగినా అత్తమ్మ సీసాను వెంటనే చేతికివ్వదు. "ఇంట్ల పిల్లి ఉన్నదా?" అని అడుగుతుంది. ఉందంటే పక్కన కూర్చోబెట్టుకుని, "నా చేతులతోనే పూసిన బిడ్డా" అని మొదలుపెడుతుంది.