ఎడమకు తిరిగే విమానం

కంప్యూటర్‌లో ఆడే విమానాల ఆటలో ఒక్కో విమానానికి ఒక్కో తీరు చెయ్యి కావాలి. పెద్ద ప్యాసింజర్ విమానం జాయ్‌స్టిక్‌ను ఎంత వంచినా తాపీగా కదులుతుంది. ఒంటి ఇంజను చిన్న విమానమైతే వేలు వణికినా ఒరిగిపోతుంది. అందుకే స్టిక్ ఎంత కదిపితే విమానం ఎంత కదలాలన్న సెన్సిటివిటీని దేనికది విడిగా సరిచేసుకోవాలి. తమ్ముడు ఎంతసేపు చెప్పినా నాకు ఎక్కలేదు. నాన్న ఒక్క మాటలో తేల్చేశారు.

"పొట్టి చిక్కం, పొడుగు చిక్కం లాంటిదేనమ్మా. కర్ర పొడుగైతే కింద పిసరంత కదిపినా పైన వల మూరెడు జరుగుద్ది."

నాన్న ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి తోటలు కౌలుకు చేసిన మనిషి. చివర వల కట్టిన చిక్కం కర్రను కాయ కిందికి పోనిచ్చి, లాగుతూ మణికట్టు ఎడమకు తిప్పితే తొడిమతో సహా కాయ వలలో పడేది. పక్షవాతం వచ్చి తోటకు దూరమయ్యాక, చేతికి కసరత్తుగా ఉంటుందని తమ్ముడు ఆ జాయ్‌స్టిక్ తెచ్చాడు. వాడు హనుమాన్ జంక్షన్‌లో కంప్యూటర్లు బాగుచేస్తాడు.

నాన్నకు చిన్న విమానమే ఇష్టం. నేల తాకే ముందు ముక్కు పైకెత్తడానికి స్టిక్ వెనక్కి లాగాలి. లాగగానే ఆయన మణికట్టు అలవాటుగా ఎడమకు తిరిగేది. దాంతో విమానం కూడా తిరిగి, రన్‌వే వదిలి గడ్డిలో పడేది.

"కోసేశావా నాన్నా, ఇంకో కాయ!" అని తమ్ముడు నవ్వేవాడు.

"కాయ దెబ్బ తగలకుండా దిగిందా లేదా, అది చెప్పరా ముందు."

ఆ విమానానికి తిప్పుడు సెన్సిటివిటీ బాగా తగ్గించి, ఆయన చేతి మీద నా చెయ్యి వేసి దింపేదాన్ని. చిన్నప్పుడు ఉబ్బసంతో బడికి వెళ్లని నాకు ఆయన అలాగే చెయ్యి పట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించారు. ఆ చేతికి ఇంత సేవ చేసే వీలిచ్చినందుకు రోజూ దేవుడి గూట్లో దీపం పెట్టి స్వామికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

కాపు ముగిసి తొలకరి పడ్డాక నాన్న వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం సెన్సిటివిటీ మామూలుకు తెచ్చి చిన్న విమానం ఎగరేశాను. విమానాన్ని పక్కకు నెట్టకుండా ఆటలో గాలి నేనే ఆపేశాను. రన్‌వే తిన్నగా ఎదురొచ్చింది. స్టిక్ లాగాను. ముక్కు ఎడమకు తిరిగింది. మళ్లీ ఎగరేస్తే మళ్లీ ఎడమకే. నాన్న ఎన్నడూ ముట్టని పెద్ద విమానం మాత్రం తిన్నగా దిగింది.

గదిలో మామిడి సొన వాసన. చెట్ల మీద ఒక్క కాయ లేని రోజులవి. వసారాలో చూరుకు తగిలించిన చిక్కం వల మెల్లగా ఊగుతోంది. "నాన్నా" అనబోయి నోరు మూసుకున్నాను. ఎవరైనా పలికితే?

తమ్ముడికి చెప్పలేదు. వాడు బాగుచేస్తే ఆయన పోతారేమోనన్న భయం, ఎవరైనా పలుకుతారేమోనన్న భయం కన్నా పెద్దది. చివరికి ఒకరోజు విమానం ఎడమకు తిరగడం వాడే చూశాడు.

"స్ప్రింగ్ పోయుంటదక్కా. తిప్పి తిప్పి అరగదీశాడు నాన్న."

పరీక్షిస్తే స్ప్రింగ్ బాగానే ఉంది. అయినా షాపు నుంచి కొత్త స్టిక్ తెచ్చి తగిలించాడు. నాన్న చెయ్యి పడని స్టిక్. స్వామిని తలుచుకుని లాగాను. ముక్కు ఎడమకే తిరిగింది.

తమ్ముడు తెర వైపు చూడడం లేదు. నా చేతిని చూస్తున్నాడు.

"అక్కా... తిప్పేది నువ్వే."

"నేనా?"

"చూసుకో. అచ్చం నాన్న కాయ కోసినట్టే."

నేను జన్మలో చిక్కం పట్టలేదు. సొన నాకు గిట్టదని కోతల్లో నన్ను తోటలోకే రానిచ్చేవారు కాదు. పెద్ద విమానంలోనూ తిప్పుతూనే ఉన్నానట. దాని సెన్సిటివిటీ తక్కువ కాబట్టి బయటపడలేదంతే.

"తిప్పుడు సున్నా చేసెయ్యనా? తిన్నగా దిగుద్ది."

"వద్దురా. అలాగే ఉండనీ."

తెర మీద విమానం గడ్డిలో ఒరిగి ఉంది.

ఇప్పుడు దీపం దగ్గర వత్తి ఎగదోసేటప్పుడు కూడా నా మణికట్టు దానంతటదే ఎడమకు వెళుతుంది. ఆపను. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంటే సొన వాసన. స్వామికి దణ్ణం పెట్టుకుని, వెళ్లినంత దూరం వెళ్లనిస్తాను.