నాలుగో తొట్టి రొయ్యలు

ల్యాబులో చేతులు కాల్చుకున్నవాళ్లున్నారు, ఖరీదైన గాజు సామాను పగలగొట్టినవాళ్లున్నారు. జాలిపడి మొత్తం ప్రయోగాన్నే సర్వనాశనం చేసినదాన్ని మాత్రం బహుశా నేనొక్కదాన్నే. ఎలా జరిగిందో చెబుతాను, మీరే తీర్పు చెప్పండి.

మాది దివిసీమలో కోడూరు దగ్గర ఒక ఊరు. మా నాన్నకు రెండు రొయ్యల చెరువులు. నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వెళ్లిపోయేవాడు. రొయ్యలు మేత మానేస్తే మాత్రం తనూ అన్నం మానేసేవాడు. అలాంటి ఇంట్లో పెరిగి, పరిశోధన కోసం బెల్జియం దాకా వెళ్తే అక్కడా నాకు రొయ్యలే ఎదురయ్యాయి. కాకపోతే చెరువులు కావు, ఎనిమిది గాజు తొట్లు.

మా ప్రొఫెసర్ యోహాన్ గారు ఆరడుగుల పైన మనిషి, దానికి తగ్గ గడ్డం. మొదటి రోజే చెప్పారు.

"ఒక్కో తొట్టికి ఒక్కో రకం మేత. నాలుగో తొట్టికి అన్నిటికన్నా నాసిరకం, ఉత్త ఆకుల పొడి. ఆ రొయ్యలు ఎదగకూడదు. ఎదగలేదంటే మన అంచనా సరైనదని అర్థం. నువ్వు రోజూ కొలిచి రాయాలి, అంతే."

"అంతే కదా సార్!" అన్నాను ధీమాగా.

రెండు వారాలు గడిచాయి. మిగతా తొట్లలో రొయ్యలు గంతులేస్తున్నాయి. నాలుగో తొట్టిలోవి మిట్టమధ్యాహ్నం పామర్రు సెంటర్లో గుడివాడ బస్సు కోసం నిలబడ్డ జనంలా ఓ మూలకు చేరి నీరసంగా ఊగుతున్నాయి. నేను దగ్గరికెళ్తే చాలు, అన్నీ అద్దం దగ్గరికొచ్చి నా చేతులవంక చూసేవి. నేను స్కేలు తీసి కొలిచేదాన్ని. ఆకలితో ఉన్నవాళ్లకు కంచం బదులు టేపు చూపించడమంటే ఇదే!

ఆగలేక నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, రొయ్యలు ఓ మూల కూలబడుతున్నాయి."

"పేగు నిండిందా?" అన్నాడు. నేను తిన్నానో లేదో ఆ తరువాతి సంగతి.

"ఖాళీ నాన్నా. మేత బాలేదు. అదే పెట్టాలంట, ప్రయోగం."

"కడుపు మాడ్చేది ప్రయోగమేంటమ్మా? తవుడూ బెల్లం పులియబెట్టి ఆ నీళ్లు కాసిని పొయ్యి. మూడ్రోజుల్లో లేచి తిరక్కపోతే నన్నడుగు."

"అట్టా చెయ్యకూడదు నాన్నా!"

"ఎవరికి తెలుస్తుంది? రొయ్య వెళ్లి చెప్పుద్దా ఏంటి?"

బెల్లం నా పెట్టెలోనే ఉంది. తవుడు అక్కడ ఆరోగ్యాహారమని అందమైన ప్యాకెట్టులో అమ్ముతున్నారు. మా గేదెలకు తెలిస్తే గర్వపడతాయి. రెండూ సీసాలో కలిపి, ఎవరూ ముట్టుకోకుండా "బఫర్ ద్రావణం, కదపవద్దు" అని చీటీ అంటించి అలమారలో పెట్టాను.

మూడో రోజు ప్రొఫెసర్ గారు గుమ్మంలో ఆగి ముక్కు ఎగబీల్చారు.

"బీరు వాసన వస్తోందే!"

నేను అలమారకు అడ్డంగా నిలబడ్డాను.

"బాగుంది," అని వెళ్లిపోయారు. ఆ దేశంలో బీరు వాసనను అనుమానించే అలవాటు లేదు.

కాస్త ప్రాణం నిలబెడదామనే ఆ నీళ్లు నాలుగో తొట్టిలో పోయడం మొదలుపెట్టాను. కానీ చెయ్యి ఊరుకుంటుందా? రోజుకో చెంచా పెరిగింది. నెల తిరిగేసరికి నాలుగో తొట్టి రొయ్యలు అన్ని తొట్లనూ దాటేశాయి. ప్రొఫెసర్ గారు మూడుసార్లు కొలిచారు. త్రాసు చెడిందేమోనని ఇంకో త్రాసు తెప్పించారు. చివరికి చిన్నపిల్లాడిలా ఎగిరారు.

"ఆకుల పొడితో! ఒట్టి ఆకుల పొడితో! మేత కంపెనీవాళ్లను గురువారం రమ్మన్నాను. పరిశోధన పత్రంలో మొదటి పేరు నీదే!"

ఆ మాటకు సంతోషించాల్సిన నాకు చెమటలు పట్టాయి. ఈ సంగతి అచ్చయితే రేపు మా నాన్నలాంటి రైతులు నమ్మి, చెరువుల్లో ఆకుల పొడి పోసి మునిగిపోతారు. నిజం చెబితే నన్ను ఇంటికి పంపించేస్తారు. రెండు రోజులు తిండి సయించలేదు. బుధవారం పొద్దున్నే ఆయన గదికి వెళ్లాను.

"సార్, అవి ఆకులు తిని పెరగలేదు."

"మరి?"

కంగారులో ఇంగ్లీషు మాట నోటికి రాలేదు. "బెల్లం, సార్."

"బెల్లం ఎవరు? మన డిపార్ట్‌మెంటేనా?"

"మనిషి కాదు సార్, తినేది!" అని సీసా తెచ్చి చేతికిచ్చాను. రెండు రోజులుగా బిగించి ఉన్న మూత తిప్పారో లేదో, టప్పున ఎగిరింది. నురగంతా ఆయన గడ్డంలోకి వెళ్లింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని అడిగారు.

"ఎందుకు చేశావు?"

"వాటి మొహాలు చూడలేకపోయాను సార్."

"రొయ్యలకు మొహాలుండవు."

"మీరు సరిగ్గా చూడలేదు సార్."

ఆయన కంపెనీవాళ్లకు ఫోన్ చేసి రావద్దన్నారు. నన్ను పంపించలేదు కానీ, మొత్తం ప్రయోగం మళ్లీ మొదటినుంచి చేయమన్నారు. ఈసారి నాలుగో తొట్టికి మూత, మూతకు తాళం. తాళంచెవి ఆయన జేబులో. దానికి మేత ఆయనే స్వయంగా వేస్తారు, నేను దరిదాపుల్లోకి రాకూడదు.

మూడు వారాల తరువాత ఒక ఆదివారం మధ్యాహ్నం, మరిచిపోయిన గొడుగు కోసం ల్యాబుకు వెళ్లాను. లోపల ప్రొఫెసర్ గారు నాలుగో తొట్టి మీదికి వంగి, అటూ ఇటూ చూస్తూ, ఒకటో తొట్టి మంచి మేతను చిటికెడు చిటికెడు జారవిడుస్తున్నారు. తలెత్తి నన్ను చూశారు. చేతిని చటుక్కున వెనక్కి దాచుకున్నారు.

"ఆదివారం కదా," అన్నారు గొంతు సవరించుకుని.

ఆ రోజు ఇద్దరం తొట్టి అద్దం మీద చెయ్యేసి గంభీరంగా ప్రమాణం చేశాం: ఆకలి వేసే ప్రాణి మీద ఈ జన్మలో మళ్లీ ప్రయోగం చేయబోమని. ఇప్పుడు మా పరిశోధనంతా చెరువు అడుగు బురద మీదే. అది ఎంత చిక్కిపోయినా సరే, నేను జోక్యం చేసుకోను.