ఎదురింటక్క రాగుల డబ్బా

మొన్న ఆదివారం మా అమ్మాయికి అద్దె ఇల్లు చూద్దామని హలసూరు వైపు వెళ్ళాం. బ్రోకరు తెలుగాయనే, మంచి మాటకారి. మెట్రో స్టేషన్ వాకింగ్ డిస్టెన్స్ అన్నాడు, డిమాండ్ చాలా ఉందన్నాడు, అక్కడితో ఆగొచ్చు కదా, "స్టేషన్ రాకముందు ఈ రోడ్డులో ఏమీ లేదు మేడమ్" అని కూడా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏమీ లేకపోవడమేమిటి? ఆ స్టేషన్ మెట్లు దిగే చోట మా పిన్ని పిండి మిషను ఉండేది నాయనా, అని నోటిదాకా వచ్చింది. అమ్మాయి మోచేత్తో పొడిచింది కాబట్టి ఊరుకున్నాను.

తొంభైలలో నేను హిందూపురం నుంచి ఉద్యోగానికి వచ్చి, పెళ్ళయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. రోడ్డువైపు గదిలో మిషను, వెనక రెండు గదుల్లో సంసారం. మిషను ఆడుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకే పిన్నీ చిన్నాన్నా పోట్లాడుకోవడం చూశానే గానీ, దేనికో ఒక్కసారీ తెలుసుకోలేకపోయాను. తలదిండ్ల మీద, టీవీ మీద, చిన్నాన్న కనుబొమల మీద ఎప్పుడూ సన్నగా పిండి. పొద్దున్నే ఆడవాళ్ళు డబ్బాలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు. ఎండాకాలంలో మాత్రం రోజూ ఒక పంచాయతీ. మిరపకాయలు ఆడించిన వెంటనే రాగులు పొయ్యడానికి ఎవరూ ఒప్పుకోరు, ఆ ఘాటంతా తమ పిండికి ఎక్కుతుందని. నువ్వు ముందంటే నువ్వు ముందని గొడవ ముదురుతున్నప్పుడు, రోడ్డుకు అవతలి ఇంటామె తన డబ్బా ముందుకు తోసేది. మా ఇంట్లో అందరివీ కారం నాలికలే, నాది పొయ్యండి అనేది. ఆమెను అందరూ ఎదురింటక్క అనేవాళ్ళు, పిన్ని కూడా. ఆ ఇద్దరి కబుర్లూ రోడ్డుకు అటూ ఇటూ అరుగుల మీద నుంచే సాగేవి. మధ్యలో బస్సు వస్తే ఆపి, అది పోయాక మిగతాది చెప్పుకునేవాళ్ళు. నేను పెళ్ళి చేసుకుని వేరే పేటకు వెళ్ళిపోయాక కూడా, ఎప్పుడు వచ్చినా ఆ కేకలు వినపడేవి.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు మెట్రో కొలతలవాళ్ళు వచ్చారు. పిన్ని వాళ్ళకు కాఫీలిచ్చింది. వాళ్ళు మిషను గది గోడమీద ఎర్రరంగుతో ఒక గుర్తు పెట్టి వెళ్ళారు. స్టేషన్ గేటు సరిగ్గా అక్కడే వస్తుందని పిన్ని తీర్మానించేసి, శుక్రవారం ఆ గుర్తుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. స్టేషన్ వస్తే జనం వస్తారు, జనం వస్తే మిషను ఆడదా అని ఆమె లెక్క. రైలు దిగేవాళ్ళు చంకలో రాగుల డబ్బాతో దిగరని మాలో ఒక్కరికీ తట్టలేదు. అది ఎక్కడిదాకా పడగొట్టాలో చూపే గీత అని తర్వాత తెలిసింది. మా వైపు మిషను గది, ఎదురింటక్కకు ఇల్లంతా.

అయినా ఏళ్ళు పడుతుందిలే అనుకున్నాం. ఒకరోజు ఎదురింటక్క చిన్న డబ్బాలో రాగులు ఇచ్చి వెళ్ళింది. పిన్ని ఆడించి పక్కన పెట్టి, కోలారులో పెళ్ళికని వెళ్ళింది. తిరిగొచ్చేసరికి రోడ్డు మధ్య మెట్రోవాళ్ళు పాతిన నిలువెత్తు రేకులు. చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి చూస్తే ఎదురింటికి కప్పు లేదు. ఆమెను కొడుకు లారీ తెచ్చి బొమ్మనహళ్ళికి తీసుకెళ్ళాడని ఎవరో చెప్పారు. డబ్బా పిన్ని దగ్గరే ఉండిపోయింది.

తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. రేకుల చుట్టూ అంత దూరం డబ్బా ఎవరు మోస్తారు? సగానికి కోసిన ఇళ్ళలో లోపలి గోడల రంగులు, దేవుడి గూళ్ళు రోడ్డున పోయేవాళ్ళకు కనపడుతుండేవి. చూడలేక తల తిప్పుకునేదాన్ని. చిన్నాన్న మిషను అమ్మేశాడు. యలహంకకు వెళ్ళిపోయేరోజు పిన్ని లారీలో ముందు కూర్చుని ఆ డబ్బాను ఒడిలో పెట్టుకుంది.

ఒక ఆదివారం నేనే ఆమెను బొమ్మనహళ్ళికి తీసుకెళ్ళాను. ఒక అంగడాయన ఎవరు కావాలని అడిగాడు. హలసూరు కాడ మా ఎదురింట్లో ఉన్న అక్క అంది పిన్ని.

"పేరు చెప్పండమ్మా."

పిన్ని నా వైపు చూసింది. నాకూ తెలియదు. అన్నేళ్ళు ఎదురెదురుగా ఉండి, పేరుతో ఎవరికీ పని పడలేదు. ఇంకో రెండు వీధులు తిరిగాం, ఊరికే. వచ్చేటప్పుడు బస్సులో పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ తర్వాత ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పిండి పాతబడుతోందంటే దాన్ని ఇంట్లోకి వాడేసి, మంచి రాగులు కొని, కడిగి ఎండబెట్టి, పక్క వీధిలో ఎవరిదో మిషనుకు మోసుకెళ్ళి, వరసలో నిలబడి ఆడించుకొచ్చి, మళ్ళీ ఆ డబ్బా నింపేది. మిషను నడిపిన మనిషి ఇంకొకరి మిషను ముందు నిలబడడమేమిటని నేను కోప్పడ్డాను.

"ఇంగొకరి పిండికి పురుగు పట్టనిస్తే నాకు మర్యాద ఏముండాది? ఎప్పుడైనా వస్తాదప్పా ఆమె" అంది.

ఆ రోడ్డులో మొదటి రైలు నడవకముందే పిన్ని పోయింది. జ్వరమని పడుకుంది, లేవలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలంతా వెళ్ళిపోయాక చిన్నాన్న అటక మీద నుంచి డబ్బా దించి నా ముందు పెట్టాడు.

"ఎదురింటామె ఇంక రాదులేమ్మా. సంగటి కెలుకు."

మూత తీశాను. పిన్ని మంచం పట్టేముందు ఆడించిన పిండి, ఇంకా కమ్మని వాసన వేస్తూ ఉంది. సంగటి చేసి చిన్నాన్నకూ, మా ఆయనకూ వడ్డించి నేనూ కూర్చున్నాను. అన్నేళ్ళు ఎదురుచూసిన పిండి, ముగ్గురం కూర్చుంటే ఒక్క పూటకు అయిపోయింది.